మా మామ కంప్యూటర్ యార్డు

మా మామ పోయాడన్న కబురు నాకు అనంతపురం బస్టాండులో అందింది. కాలేజీలో పని ముగించుకుని గుంతకల్లు బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఫోను మోగింది. మా అత్త. ఆమె ఫోనులో ఎప్పుడూ అరిచే మాట్లాడుతుంది, గుంతకల్లు నుంచి అనంతపురానికి నేరుగా వినపడాలన్నట్టు. ఆ రోజు అరవలేదు. "పాపా, మీ మామ కూర్చున్నోడు కూర్చున్నట్లే పోయినాడు" అంది. అంతే. నాకు ముందు ఏడుపు రాలేదు. మామ కూర్చోవడమేమిటి అనిపించింది.

ఈ మాట మీకు వింతగా ఉంటుంది. ఆయన్ను ఎరిగినవాళ్లకు ఉండదు. మామ కాలు కాలిన పిల్లి. కంచం చేత్తో పట్టుకుని, వంటింటి గడప నుంచి వీధి గడపకు తిరుగుతూ అన్నం తినేవాడు. పేపరు నడుస్తూ చదివేవాడు. పెళ్లిళ్లలో తాళి కట్టే సమయానికి ఆయన పందిట్లో ఉండడు. బయట ఎవరి జీపు టైర్లలోనో గాలి సరిగ్గా ఉందో లేదో తట్టి చూస్తుంటాడు. జుట్టు కత్తిరించే ముసలాయన ఒకసారి విసుగెత్తి, "సామీ, తలకాయ ఈడ పెట్టి నువ్వు యాడికన్నా పోయి రాప్పా" అన్నాడట. ఈ సంగతి మామే నవ్వుకుంటూ చెప్పేవాడు, అదీ తిరుగుతూనే.

ఆయన నాకు రెండు వైపుల నుంచీ మామే. మా అమ్మకు అన్న, నా భర్తకు నాయన. అందుకని కోడలి భయం నాకు ఏనాడూ లేదు. చిన్నప్పుడు కుందుర్పిలో మా అమ్మమ్మ ఇంట్లో ఆయన భుజమ్మీదెక్కి చింతకాయలు కోసినదాన్ని, పెళ్లయిందని ఒక్కసారిగా కొంగు కప్పుకుని గోడచాటున నిలబడమంటే ఎట్లా కుదురుతుంది? ఆయనతో వాదించేదాన్ని. ఆయనా నన్ను వదిలేవాడు కాదు. మా అత్త మా ఇద్దరినీ చూసి "ఒక ఇంట్లో రెండు మిక్సీలు" అనేది.

మామ రైల్వేలో స్టేషన్ మాస్టరుగా పనిచేసినవాడు. గుంతకల్లు చుట్టూ ఉన్న చిన్న చిన్న స్టేషన్లలో, చెట్టు నీడ కూడా లేని చోట, ఎదురెదురుగా వచ్చే బండ్లలో ఒకదాన్ని పక్క లైనులో నిలబెట్టి, ఇంకోదాన్ని పంపించే పని. అత్త చెప్పేది, ఆ రోజుల్లో ఆయన ఇట్లా తిరిగేవాడే కాదట. డ్యూటీ అంతా కుర్చీలో రాయిలా కూర్చునేవాడట. తిరుగుడు మొదలైంది మెడికల్ తర్వాత. బండ్లు నడిపించేవాళ్లకు అప్పుడప్పుడూ కంటి పరీక్ష ఉంటుంది. రంగురంగుల చుక్కల మధ్య దాచిన అంకెలు చదవాలి. మామ చిన్న వయసులో అన్నీ గడగడా చదివినవాడే. యాభై దగ్గర పడినప్పుడు చదవలేకపోయాడు. ఇంకేముంది, బండ్ల దగ్గర్నుంచి తీసి ఆఫీసులో కాగితాల పనికి వేశారు.

దాన్ని ఆయన ఎన్నడూ ఒప్పుకోలేదు. ఇంటికి ఎవరొచ్చినా, పాలవాడైనా సరే, ఈ మాట వినకుండా పోయేవాడు కాదు: "నా చేతిలో ఒక్క బండి గుద్దుకోల్యా. ఒక్క పెట్టె పట్టా దిగల్యా. నా కండ్లు బాగలేవంట! చుక్కలు చదవల్లంట! బండ్లకు చుక్కలుంటాయా ఏమప్పా?" పాలవాడు పాపం ఏమంటాడు. "ఉండవు సామీ" అని పోసి పోయేవాడు.

తొంభైల చివర నేను ఆ ఇంటి కోడలిగా వచ్చి, వీధి గదిలో చిన్న కంప్యూటర్ సెంటర్ పెట్టాను. బెంగుళూరు నుంచి తెప్పించిన పాత మిషన్లు. అందులో ఒకదానికి నలుపు తెలుపు తెర. దాన్ని ఇంతకు ముందు ఎవరు వాడారో తెలియదు గానీ, అందులో ఒక ఆట వదిలేశారు. రైల్వే యార్డు ఆట. పైనుంచి చూసినట్టు పట్టాలన్నీ గీతల్లా కనిపిస్తాయి. నాలుగు దిక్కుల నుంచి బండ్లు వస్తాయి. మీటలు నొక్కి పట్టాలు మార్చాలి, సిగ్నల్ ఇవ్వాలి, ఒకదానికొకటి తగలకుండా అన్నింటినీ దాటించాలి.

ఒక సాయంత్రం పని లేక నేను ఆడుతున్నాను. మామ ఎప్పటిలా తిరుగుతూ వచ్చి నా వెనక ఆగాడు.

"ఆ బండికి పక్క లైను ఇయ్యి."

"ఉండు మామా."

"ఉండేదేంది? ఇయ్యమ్మా! దాన్ని మెయిన్లో పెడితే ఎనకాల వచ్చేది యాడికి పోతాది?"

అది ఎక్కడికీ పోలేదు. వచ్చి ముందున్నదాన్ని గుద్దింది. మిషను కీచుమంది. నేను నవ్వి మళ్లీ మొదలుపెట్టబోయాను. తిరిగి చూస్తే మామ ముఖం పాలిపోయి ఉంది. "నీకు నవ్వెట్ల వస్తాదే?" అన్నాడు. నన్ను లెమ్మన్నాడు. కూర్చున్నాడు.

కాఫీ తెచ్చిన అత్త గుమ్మంలో ఆగిపోయింది. "ఏమైంది? ఒంట్లో బాగలేదా?" అని అడిగింది. మామ తల తిప్పలేదు. కాఫీ చల్లారిపోయింది. నిజం చెబుతున్నాను, ఆ మనిషిని అంతసేపు ఒక చోట చూడటం నాకు అదే మొదలు.

ఆనాటి నుంచి అది డ్యూటీ అయింది. ఆఫీసు నుంచి వచ్చి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చునేవాడు. లుంగీ మీద బండ్లకు సిగ్నల్ ఇవ్వడమేంటి అనేవాడు. ఆయన కూర్చున్నంత సేపూ ఎవరూ పిలవకూడదు. ఆట చివరికొచ్చాక "యార్డు ఖాళీ" అని నాకు చెప్పి, కుర్చీ అప్పగించి లేచేవాడు. ఒక్కనాడూ బండి బండికి తగల్లేదు. ఆటలో నెమ్మదిగా నడిపిస్తే మార్కులు తగ్గుతాయి మామా అని చెబితే, "మార్కులు వాన్నే పెట్టుకోమను. ఆగిన బండికి అపాయం లే" అన్నాడు. ఈ మాట ఆయన ఇంట్లోనూ వాడేవాడు. నేను, నా భర్త గొంతులు పెంచుకుంటే మధ్యలోంచి నడిచిపోతూ, "ఆగిన బండికి అపాయం లే" అనేసి పోయేవాడు. మాకు ఒళ్లు మండేది. ఆగేవాళ్లం.

మా వైపు కరెంటు సంగతి మీకు తెలుసు కదా. ఎండాకాలంలో బోర్లన్నీ ఒక్కసారి ఆడితే ఇంట్లో బల్బు దీపంబుడ్డిలా మినుకుతుంది. బోర్లు ఆగాయంటే ఒక్కసారిగా వచ్చి మీద పడుతుంది. అట్లాంటి ఒక మధ్యాహ్నం ఆ నలుపు తెలుపు మిషను పోయింది. తెర, పెట్టె రెండూ. అప్పటికి రెండు వేలు దాటి కొన్నేళ్లయింది. పాతవన్నీ తీసేసి కొత్త రంగుల మిషన్లు తెచ్చాను. ఆట మాత్రం ఫ్లాపీలో దాచి ఉంచానులే, కొత్తదాంట్లో వేసి ఇచ్చాను. మామ అప్పటికి రిటైరయ్యాడు. ఇస్త్రీ చొక్కాతో వచ్చి కూర్చున్నాడు.

బండ్లు తేలు కుట్టినట్టు పరిగెత్తాయి. ఇటు కనపడటం, అటు గుద్దుకోవడం. మామ చెయ్యి మీట మీదకు పోయేలోపే అయిపోయింది. మళ్లీ పెట్టాను. మళ్లీ గుద్దుకున్నాయి. మూడోసారి నేను పెట్టబోతే ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"చాలమ్మా. నా చెయ్యి నిదానమైపోయింది."

"నీ చెయ్యి కాదు మామా, మిషను వేగమైంది. ఆ ఆటకు గడియారం తెలీదు. మిషను ఎంత వేగంగా తిరిగితే అంత వేగంగా నడిపిస్తుంది. పాతది ఎద్దులబండి, ఇది ఎక్స్‌ప్రెస్సు."

తలూపాడు. నమ్మలేదు. పెద్దవాళ్లు పిల్లల మాట విని తలూపే తీరు అది.

అప్పటి నుంచి ఆయన మళ్లీ తిరుగుడు మొదలుపెట్టాడు. ఇది పాత తిరుగుడు కాదు. అప్పట్లో ఏదో వెతుకుతున్నట్టు తిరిగేవాడు, ఇప్పుడు దేన్నుంచో తప్పించుకుంటున్నట్టు. స్కూటరు తాళం నా భర్త చేతిలో పెట్టి "నాకొద్దు" అన్నాడు. మా పాపను ఎత్తుకుని వీధిలోకి పోవడం మానేశాడు. రోడ్డు దాటాలంటే ఎవరైనా దాటేదాకా చూసి వాళ్ల వెనక నడిచేవాడు. పాలవాడికి ఆ పాత మాట చెప్పడం కూడా ఆగిపోయింది. అది మా అత్తను అన్నింటికంటే భయపెట్టింది.

ఒకరోజు పెరట్లో బట్టలారేస్తుంటే నా దగ్గరకొచ్చి నిలబడి, నన్ను చూడకుండా అన్నాడు: "అంటే డ్యూటీలో ఉన్నప్పుడు గుడ్క అట్లే ఉన్నింటి కదమ్మా నేను. డాక్టరు కనిపెట్టినాడు, నేను కనిపెట్టుకోల్యా. ఎన్ని బండ్లు నా చేతిలో దేవుని దయతో పోయినాయో. ఎంత మంది జనం అందులో."

తడి బట్ట చేతిలో అట్లాగే ఉండిపోయింది. ఆయన ఒక ఆట పోయిందని బాధపడటం లేదు. ముప్ఫై ఏళ్ల ఉద్యోగం మొత్తం ఇప్పుడు కళ్ల ముందు గుద్దుకుంటోంది. ఆ పాత ఆట కొత్త మిషను మీద పాత నడకతో నడిస్తే తప్ప ఆయన నన్ను నమ్మడు. మాటలు ఆయనకు చాలవు, నడిచే బండి కావాలి.

ఇక నాకు నిద్ర లేదు, తిండి లేదు అంటే అబద్ధం. రెండూ ఉన్నాయి, కానీ దేని మీదా మనసు లేదు. బెంగుళూరులో పాత మిషన్లు అమ్మినవాణ్ణి అడిగాను. "అవన్నీ తూకానికి పోయినాయి మేడమ్" అన్నాడు. మిషన్ను నిదానం చేసే ఒక చిన్న ప్రోగ్రాం దొరికింది. అది వేస్తే బండి కాసేపు ఆగుతుంది, ఒక్క గెంతు గెంతుతుంది, మళ్లీ ఆగుతుంది. మామ గుమ్మంలో నిలబడి చూసి, "ఇది బండి కాదు, కప్ప" అని పోయాడు. ఫ్లాపీతో మిషన్ను పాత పద్ధతిలో లేపి చూశాను. శబ్దం పోయింది, వేగం పోలేదు. ఇంటర్నెట్టులో వెతుకుదామంటే ఫోను తీగ మీద వచ్చే నెట్టు. ఒక ప్రోగ్రాం సగం దిగేసరికి ఎవరో అత్త కోసం ఫోను చేసేవారు, అంతా పోయేది. "నీ చెల్లెలికి చెప్పు, ఈ గంట చేయొద్దని" అని అత్త మీద అరిచాను. "దానికి ఈ గంటే ఖాళీ" అంది అత్త.

నేనిట్లా తంటాలు పడుతున్న ఆ రోజుల్లోనే సోమందేపల్లెలో చుట్టాల పెళ్లికి పోయొచ్చాను. వాకిట్లో అడుగు పెట్టగానే కాలిన వాసన. వీధి గదిలో అత్త నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. కంప్యూటర్ వెనక వైరు కోసి, దానికి మా హాల్లోని సీలింగ్ ఫ్యాను రెగ్యులేటరు కట్టి ఉంది. మామ మూలన నిలబడి రెగ్యులేటర్ మీద ఉన్న అంకెల్ని చూస్తున్నాడు.

"ఏం చేశావు మామా?"

"నువ్వే కదమ్మా వేగం ఎక్కువైందంటివి. కరెంటు తగ్గించినా."

"కంప్యూటర్‌కు రెగ్యులేటరా!"

"కరెంటు తగ్గితే ఫ్యాను నిదానమైతాది. మిక్సీ నిదానమైతాది. బోరు మోటరు నిదానమైతాది. ఇది ఒక్కటి యాల కాదు? దీంట్లో గుడ్క ఫ్యానే కదా తిరిగేది, నేను ఇన్నాను."

ఈ తప్పు మా ఊళ్లవాళ్లు తప్ప ఇంకొకరు చేయలేరు. ఏడాదిలో సగం రోజులు తక్కువ వోల్టేజీలో బతికినవాళ్లకు కరెంటంటే నీళ్ల లాంటిదే. సన్నగా వస్తే సన్నగా పారుతుంది. అందులో ఆశ్చర్యమేముంది?

అత్త ఊరుకోలేదు. "బోరు మోటరు నిదానమైతాదంట! మీ తమ్ముని మోటరు నిదానమై నిదానమై కాలిపోల్యా? కుందుర్పిలో ఇంటికొక మోటరు కాలింది చూస్తివి కదా. చూసి చూసి కోడలి మిషను కాలుస్తివి."

"మోటరు కాలేదానికి శానా సేపు పడ్తాది. ఇది ఒక నిమిషం గుడ్క ఉండల్యా" అన్నాడు మామ, మిషను మీదే నేరం మోపుతూ.

నాకు పట్టరాని కోపం వచ్చింది. గట్టిగా నాలుగు మాటలన్నాను. ఆ కోపంలోనే చటుక్కున ఒక సంగతి తట్టింది. తన చెయ్యే నిదానమైందని పూర్తిగా నమ్మినవాడు మిషనుకు రెగ్యులేటరు ఎందుకు కడతాడు? అంటే నా మాట ఎక్కడో ఒక మూల చెవికెక్కింది. ఈ కాలిన వాసన అంతా ఆయనకు మిగిలిన నమ్మకమే. తిట్టడం ఆపి, వైరుకున్న రెగ్యులేటరు విప్పాను. అత్త మాత్రం ఫ్యాను లేక మూడు రోజులు తిడుతూనే ఉంది.

మిషను పెట్టెలో కరెంటు భాగం మార్పించాను. ఆ తర్వాత కొన్నాళ్లకు బళ్లారి నుంచి వచ్చిన ఒక స్నేహితురాలు సీడీలో ఒక ప్రోగ్రాం తెచ్చి ఇచ్చింది. అది కొత్త మిషను లోపల పాత మిషను వేషం కడుతుంది. ఆట దాన్ని చూసి నిజంగానే పాత మిషనని మోసపోతుంది. రెండు మీటలు కలిపి నొక్కితే వేగం తగ్గుతుంది, ఇంకో రెండు నొక్కితే పెరుగుతుంది. మామను పిలిచాను. రానన్నాడు. అత్త వంటింట్లోంచి "పోప్పా, ఈసారి దాని మిషను అదే కాల్చుకుంటాది" అంది. వచ్చాడు.

ఎంత తగ్గించాలి? అది నాకూ తెలియదు. పాత మిషను పోయింది, పోల్చుకోవడానికి ఏమీ లేదు. మామ నా వెనక అటూ ఇటూ తిరుగుతూ, "నేను తెర సూడను. శబ్దం పెంచు" అన్నాడు. ఆ ఆటలో బండి నడిచేటప్పుడు చక్రాలు పట్టాల అతుకుల మీద పడే శబ్దం వస్తుంది. కళ్లు మూసుకున్నాడు.

"తగ్గించు."

తగ్గించాను.

"ఇంగా. ఇది గూడ్సు కాదు, పెండ్లి బస్సు. ఇంగా తగ్గించు. ఆఁ... ఎక్కువైంది, బండి నిద్రపోతాంది. కొంచెం పెంచు."

పెంచాను. ఆయన నడక ఆగింది. ఆ శబ్దం గదిలో నిదానంగా, బరువుగా నడిచింది. మామ కళ్లు తెరవకుండానే, "అట్లుండనీ. లోడు బండి వచ్చింది" అన్నాడు. నేను తిరిగి చూడలేదు, ఆయనకు ఇష్టముండదని. లోపలికి పోయి ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు.

ఇక్కడ కథ ముగిసి ఉంటే బాగుండేది. నేనూ అట్లాగే అనుకున్నాను.

మొదటి బండి దాటింది. రెండోది దాటింది. ఆయన వీపు కుర్చీకి ఆనింది. తర్వాత రెండు బండ్లు ఎదురెదురుగా వచ్చాయి. ఒకదాన్ని ఆపి రెండోదాన్ని పంపాలి, ఆయన చేతికి తెలిసిన పని. రెండూ ఆగలేదు. ఈసారి ఏ వేగమూ లేదు. నిదానంగా, తీరిగ్గా, మేము చూస్తుండగా ముక్కూ ముక్కూ తగిలాయి.

"నేను ఎర్ర ఇచ్చినా కదా!" అన్నాడు మామ.

"పచ్చ ఉంది మామా." ఆలోచించకుండా అనేశాను.

ఆయన ముందుకు వంగాడు. తెరకు ముఖం ఆనించినంత దగ్గరగా. వేలు పెట్టి, "ఇది పచ్చనా?" అన్నాడు.

"పచ్చ."

"ఇదో?"

"ఎర్ర."

"రెండూ ఒకటే ఉండాయి కదమ్మా."

అప్పుడు నాకు అర్థమైంది. పాత నలుపు తెలుపు తెర మీద పచ్చ దీపం తెల్లగా వెలిగేది, ఎర్రది మసగ్గా ఉండేది. ఆయన ఇన్నేళ్లు రంగు చూసి నడపలేదు, వెలుగు చూసి నడిపాడు. రంగుల తెర మీద రెండూ ఒకే వెలుగు. ఇదంతా చెప్పాను. చెప్పక తప్పలేదు. ఇంత పాటుపడి ఆయనకు నేను తెచ్చిచ్చింది ఇదా?

మామ కదల్లేదు. అత్త గుమ్మంలోకి వచ్చి నిలబడింది. శబ్దం ఆపలేదు నేను, గుద్దుకోని బండి ఒకటి ఎక్కడో ఇంకా నడుస్తోంది.

"అయితే చెయ్యి నిదానం కాల్యా" అన్నాడు చివరికి.

"కాలేదు మామా."

"కండ్లే పోయినాయి."

"రంగులు మాత్రమే."

"డాక్టరు మంచోడు." ఆయన నవ్వాడు. ఇన్నేళ్లు తిట్టిన మనిషిని తలుచుకుని నవ్వడం ఎట్లా ఉంటుందో అట్లా. "ఆ చిన్న స్టేషన్లలో పగలంతా సిగ్నల్ స్తంభానికుండే చెయ్యి పైకి లేచిందా, దిగిందా అని చూస్తాంటిమి. రాత్రిపూట దీపాలు ఆ చివర్లో ఎట్ల కనిపెట్టినానో నాకే తెలీదు. బండి గుద్దుకోకముందే నన్ను దింపినాడు సూడు. నా చేతిలో గుద్దుకోల్యా అనేది అబద్ధం కాల్యా. వాని పుణ్యమే అది."

నేను తెరను నలుపు తెలుపు చేసి ఇస్తానన్నాను. మీటల పనే అది, సులువు. వద్దన్నాడు.

"ఇంజన్లో ఇద్దరుంటారమ్మా. ఒకడు సిగ్నల్ చూసి గట్టిగా చెప్పల్ల. రెండోవాడు అదే తిరిగి చెప్పల్ల. ఇద్దరి నోట్లో ఒకే మాట వస్తేనే బండి కదలేది. నువ్వు చెప్పు, నేను తిరిగి చెప్తా."

"నాకు పని లేదా?"

"ఉండాది. ఇదీ పనే."

అట్లా నేను ఇంజన్ ఎక్కాను. కాలేజీలో ఉద్యోగం వచ్చాక కూడా దిగలేదు. సాయంత్రం బస్సు దిగి, కాళ్లు కడుక్కుని, ఆయన పక్కన స్టూలు మీద కూర్చునేదాన్ని. "పచ్చ" అనేదాన్ని. "పచ్చ" అనేవాడు. "ఎర్ర." "ఎర్ర." వీధిలో పోయేవాళ్లకు మేమిద్దరం ఏదో జపం చేస్తున్నట్టు ఉండేది. ఒకసారి బండి ఆలస్యమవుతోందని నేను, ఇంకా మారని సిగ్నల్‌ను మారిపోతుందిలే అని "పచ్చ" అన్నాను. ఆయన తిరిగి చెప్పలేదు. మీట మీద నుంచి చెయ్యి తీసేసి, "బండి పోవల్లని ఆశ ఉంటే పచ్చే కనపడ్తాది. కనపడింది చెప్పు, కావల్సింది చెప్పొద్దు" అన్నాడు. ఈ మాట నేను కాలేజీలో పిల్లలకు చాలాసార్లు చెప్పాను, ఎవరిదో చెప్పకుండా.

ఆ అలవాటు ఇల్లంతా పాకింది. అంగట్లో టమోటాలు ఏరుతూ "ఎర్ర?" అని నా వైపు చూసేవాడు. అత్తకు చీర కొనడానికి నన్ను వెంటబెట్టుకుపోయి, నేను రంగు చెబితే తిరిగి చెప్పి, తలూపి, ఆ తర్వాతే కట్టించేవాడు. మళ్లీ పాపను ఎత్తుకుని వీధిలోకి పోయాడు. స్కూటరు మాత్రం ముట్టలేదు. "వద్దులే. దాని మీద ఒకడే కదా ఉండేది" అన్నాడు. పాలవాడికి పాత మాట మళ్లీ చెప్పాడు గానీ, చివర కొత్త ముక్క చేరింది: "నా చేతిలో ఒక్క బండి గుద్దుకోల్యా. డాక్టరు మంచోడు." పాలవాడు దీనికీ "అవును సామీ" అన్నాడు.

తిరగడం మానాడా అంటే మానలేదు. ఆ కుర్చీలో తప్ప ఆయన ఎక్కడా కూర్చోలేదు. అందుకే అత్త మాట నాకు బస్టాండులో అర్థం కాలేదు. ఇంటికి పోయాక చెప్పింది. ఆ సాయంత్రం నా బస్సు ఆలస్యం. ఆయన స్నానం చేసి చొక్కా వేసుకుని, మిషను ముందు కూర్చున్నాడట. అత్త, "నువ్వు మొదలుపెట్టుకోప్పా, అది వచ్చేలోపల" అంటే, "ఒక్కనితో బండి కదలదు. రానీ" అన్నాడట. మళ్లీ ఆమె కాఫీ తెచ్చేసరికి అంతే.

తెర మీద ఏమీ లేదు. ఆయన మిషను వెయ్యనే లేదు.

మర్నాడు పొద్దున పాడె ఎత్తారు. మా వైపు ఆడవాళ్లం కూడా కొంత దూరం వెంట నడుస్తాం. రైల్వే గేటు దాటితే అవతల శ్మశానం. మేము పోయేసరికి గేటు పడింది. ఎవరో విసుక్కున్నారు. ఎట్లాగూ దారిలో ఒకచోట దించాలి కదా, ఇక్కడే దించండి అన్నాడు పెద్దమనిషి ఒకాయన. పాడె నేల మీద దించి, పోయినవాళ్ల చెవిలో ముమ్మారు పిలుస్తారు, ఒకవేళ ప్రాణముంటే పలుకుతారేమోనని. దింపుడు కల్లం అంటారు దాన్ని.

గూడ్సు బండి వస్తోంది. లోడు బండి. ఆ శబ్దంలోనే నా భర్త వంగి "నాయనా" అని మూడుసార్లు పిలిచాడు. మా అత్త నన్ను ముందుకు తోసింది. "నువ్వూ ఒక మాట చెప్పు పాపా. నీ మాటే ఇనేది."

మోకాళ్ల మీద కూర్చున్నాను. ఏం చెప్పాలో తెలియక తలెత్తాను. గేటు అవతల పట్టాల పక్కన సిగ్నల్. అంతవరకూ పచ్చగా ఉన్నది, ఇంజను దాటగానే మారింది. నాకు కనపడింది చెప్పాను. నాకు కావలసిందీ అదే.

"ఎర్ర, మామా."

చెప్పి, అలవాటుగా ఆగాను, ఆయన తిరిగి చెప్పాలని. పెట్టె వెనక పెట్టె పోతూనే ఉంది. చివరి పెట్టె కూడా పోయింది. గేటు లేచింది. "ఎత్తండప్పా" అన్నారెవరో. సిగ్నల్ ఇంకా ఎర్రగానే ఉంది. మా మామను భుజాలకెత్తుకుని పట్టాలు దాటించారు.